నూకరత్నం చెప్పని మాట

లాగ్ 1. నూకరత్నానికి పంతొమ్మిదో వారం.

ఆఫీసు లాగ్ వేరే ఉంది. అందులో పోటు ఎన్నింటికి వచ్చింది, ఏ పంటుకి వెళ్ళాను, ఎవరి మాట రాశాను, అంతే ఉంటుంది. ఇది నా సొంతానికి. ఇందులో నేను ఎవరికీ మర్యాద ఇవ్వక్కర్లేదు, నాకు నేను కూడా.

ఇవాళ పొద్దున పోటు ఎక్కువగా ఉంది. మా వరసలో పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే గొలుసులు బిగించడానికి ఇంటికొకరం బయటికి వచ్చాం. లంకలు మునగకముందు ఈ పంట్లు జనాన్ని గోదావరి పాయలు దాటించేవట. మా అమ్మమ్మ వీటి మీదికి స్కూటరుతో సహా ఎక్కేదని చెప్పేది. ఇప్పుడు ఇవే ఇళ్ళు, ఇవే వీధులు. గొలుసు నా చేతిలో ఉండగానే తొమ్మిదో పంటు నుంచి కేకలు వినిపించాయి. మంచినీళ్ళ కుళాయి దగ్గర నూకరత్నం పడిపోయిందన్నారు.

నూకరత్నానికి ఇరవై ఆరేళ్ళు. తొలిచూలు. మొగుడు యోసేబు ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషను దగ్గర పని చేస్తాడు. ఆ మిషను ఆపి, తడి బట్టలతోనే పెళ్ళాన్ని ఎత్తుకుని ఆస్పత్రి పంటుకి పరిగెత్తాడు.

సాయంత్రానికి డాక్టర్ ఫర్జానా రెండోసారి పరీక్ష చేసింది. లైటు వేస్తే కంటిపాప కదల్లేదు. ఊపిరి మిషను ఆపి చూస్తే తనంతట తను ఊపిరి తీసుకోలేదు. తలలో రక్తనాళం చిట్లి మెదడు మొత్తం పోయిందని, అది ఇక తిరిగి రాదని చెప్పింది. మిషను ఊపిరి పోస్తోంది కాబట్టి గుండె కొట్టుకుంటోంది. కడుపులో పిల్ల గుండె కూడా కొట్టుకుంటోంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"వరహాలుగారూ, ఈ అమ్మాయి మాట రాశారా?"

"పదిహేను రోజులైందండి. గాజుల పేరంటం నాడు రాశాను."

"ఏమంది?"

"ఉంచమంది."

తడబడకుండా చెప్పాను. కడుపుతో ఉన్న ప్రతి మనిషీ ఐదో నెల దాటకముందే మాట చెప్పాలి. తన మెదడు చచ్చిపోతే బిడ్డ కోసం శరీరాన్ని నిలపాలా, వదిలెయ్యాలా అని. ఒకసారి చెప్పాక ఆ మాటని మొగుడు మార్చలేడు, తల్లి మార్చలేదు, జడ్జి కూడా మార్చలేరు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఆ మాటల్ని గొంతుతో సహా పెట్టెలో రాసే నలుగురిలో నేనొకదాన్ని.

నూకరత్నాన్ని నిలుపు మంచం మీదికి మార్చారు. ఊపిరీ, వేడీ, తిండీ అన్నీ ఇక ఆ మంచమే ఇస్తుంది.


లాగ్ 2. అదే వారం.

నూకరత్నం తల్లి అప్పాయమ్మ వచ్చింది. ముప్పయ్యో పంటు మీద చేపలు ఎండబెడుతుంది. వాసన పడదని ఆస్పత్రి వాళ్ళు గుమ్మంలోనే చేతులు కడిగించారు. కూతురి పాదాలు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి.

"చచ్చిపోయిందంటారు. కాళ్ళు చూత్తే వెచ్చగా ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పండమ్మా, నేను ఏడవాలా వద్దా?" అంది.

డాక్టర్ ఫర్జానా ఆవిడ పక్కన కూర్చుని, మెదడు పోయిందంటే మనిషి పోయినట్టేనని, వెచ్చదనం మంచం ఇస్తున్నదని మెల్లగా చెప్పింది. అప్పాయమ్మ అంతా విని, "అయితే వదిలెయ్యండి" అంది. "దాని నాయనమ్మ ఏడాది పాటు గొట్టాలతో పడుంటే చాకిరీ అంతా ఇదే చేసింది. 'అమ్మా, నన్ను మాత్రం ఇలా ఉంచొద్దే' అని నాతో అంది. ఒట్టేయించుకుంది కూడా."

"కడుపు రాకముందు అన్న మాటండీ అది," అన్నాడు యోసేబు. "ఇప్పుడు ఉంచమంది. వరహాలుగారు రాశారు."

అప్పాయమ్మ నా మొహం వంక చూసింది. "నిజవేనా వదినా?"

"పెట్టెలో ఉంది అప్పాయమ్మా" అన్నాను. పెట్టెలో ఉన్నమాట నిజమే. అంతవరకు నేను అబద్ధం ఆడలేదు. ఇలాంటి లెక్కలు వేసుకుంటున్నానంటే నా బతుకు ఎక్కడికి దిగజారిందో చూడండి.


లాగ్ 3. ఇరవయ్యో వారం.

సరే, రాసేస్తాను.

నేను ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. నూకరత్నాన్నే కాదు, పదకొండేళ్ళలో ఒక్కళ్ళని కూడా అడగలేదు. నాకు పని నేర్పిన మాణిక్యాంబ మొదటిరోజే చెప్పింది. "గాజులేయించుకుని కూర్చున్న పిల్ల ముందు చావు మాట ఎత్తుతావా? నీ నోటికి దణ్ణం పెడతాను. 'బిడ్డ క్షేమంగా ఉండాలి కదమ్మా' అని అడుగు. అవునంటుంది. పెట్టెకి కావలసింది ఆ అవునే."

పెట్టె పని చేసేది అలాగే. జవాబు పడగానే దాని ముందు చట్టంలో ఉన్న ప్రశ్నని తన గొంతుతో తనే తగిలించుకుంటుంది. వినేవాళ్ళకి పిల్లని అదే అడిగామనిపిస్తుంది. మాటలు రాసే మేం నలుగురం ఇలాగే రాశాం. పేరంటానికి వెళ్ళడం, బొట్టు పెట్టించుకోవడం, బిడ్డ క్షేమం అడగడం, అవును రాయించుకోవడం, తాంబూలం తీసుకుని తర్వాతి పంటుకి పోవడం. అందరూ నన్ను మంచి నోరున్న మనిషి అనేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది.

మూడొందల పన్నెండు మాటలు రాశాను. మూడొందల పన్నెండూ 'ఉంచండి'లే. ఇంతమందిలో ఒక్కతైనా 'వద్దు' అనదా అని ఎవరికీ అనుమానం రాలేదు. ఇంతకుముందు రెండు కేసులు మంచం దాకా వచ్చాయి. ఆ రెండిళ్ళవాళ్ళూ ఉంచమనే అన్నారు కాబట్టి ఎవరూ తవ్వలేదు.


లాగ్ 4. ఇరవై ఒకటో వారం.

అప్పాయమ్మ అర్జీ పెట్టింది. బడి పంటులో బెంచీలు పక్కకి జరిపి కోర్టు చేశారు. జడ్జిగారు పడవలో వచ్చి, చీర కుచ్చిళ్ళు తడిసినా ఏమీ అనకుండా కూర్చుని, పెట్టె వినిపించమన్నారు.

పెట్టె గొంతు: "గర్భిణి మెదడు మరణించిన పక్షంలో, శిశువు జన్మించు వరకు ఆమె శరీరాన్ని నిలుపుటకు సమ్మతమేనా?"

నూకరత్నం గొంతు: "అవునత్తా! అంతకన్నా ఏం కావాలి?"

మాట ముద్దగా వచ్చింది. వెనక గాజుల చప్పుడు, ఆ తర్వాత నవ్వు. ఆ పిల్ల నవ్వు ఊరందరికీ తెలుసు. యోసేబు తల కిందికి దించుకుని ఏడ్చాడు.

అప్పాయమ్మ మాత్రం ఏడవలేదు. "అమ్మా జడ్జిగారూ, నువ్వు చచ్చిపోతే అని అడిగితే నా కూతురు నవ్విందా? నా కూతురికి మతి లేదనుకుంటున్నారా?" అంది.

జడ్జిగారు నన్ను నిలబెట్టారు. "ప్రశ్న పూర్తిగా అడిగారా?"

"అడిగానండి."

ఒక్క అక్షరం మింగకుండా చెప్పాను. వెనక బెంచీలో మాణిక్యాంబ దగ్గింది. అర్జీ కొట్టేశారు. బయటికి వస్తుంటే యోసేబు నా చేతులు రెండూ పట్టుకుని, "మీ చలవేనండి. మీరు రాయబట్టే నా బిడ్డ ఉంది" అన్నాడు. చేతులు విడిపించుకోవాలంటే నాకు ఎంత కష్టమైందో ఎవరికి చెప్పను?


లాగ్ 5. ఇరవై మూడో వారం.

మంచం పని చాలా ఉంటుంది. రెండు గంటలకొకసారి అటో ఇటో తిప్పాలి. గొట్టంలో జావ పొయ్యాలి. మెదడు పంపాల్సిన రసాలన్నీ బయటినుంచి లెక్క ప్రకారం ఎక్కించాలి. చేసేవాళ్ళు తక్కువ కాబట్టి నేనూ వెళ్తున్నాను. పాపం కడుక్కోవడానికి వెళ్తున్నావా అని నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్తున్నాను.

వదిలెయ్యమని కోర్టుకెక్కిన అప్పాయమ్మ రోజూ వచ్చి కూతురికి తల దువ్వుతుంది. చిక్కు తీసేటప్పుడు "నొప్పెట్టిందా" అని అడిగి, నాలుక కరుచుకుంటుంది. యోసేబు కడుపు దగ్గర నోరు పెట్టి పిల్లతో ఇవాళ నీళ్ళ మిషను ఎన్నిసార్లు ఆగిందో చెప్తాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

నిన్న అప్పాయమ్మ పంతులుగారిని పిలిపించింది. ఇంట్లో మైల పట్టాలా వద్దా అని అడిగింది. ఆయన మంచం చుట్టూ ఒకసారి చూసి పంచాంగం మూసేశాడు. "ఏ తిథి రాయమంటావమ్మా? పడిపోయిన రోజా, మంచం ఆపే రోజా? మా నాన్న ఉంటే ఆయన్ని అడిగేవాణ్ణి" అన్నాడు. యోసేబు పాస్టరుగారిని అడిగాడట. ఊపిరి దేవుడిదని ఆయన అన్నాడు. మరి మంచం ఊపిరి ఎవరిదండీ అంటే, ప్రార్థన చేద్దాం బాబూ అన్నాడు. డాక్టర్ ఫర్జానా కూడా వాళ్ళ పెద్దల్ని అడిగిందట. "వాళ్ళలో వాళ్ళకే పడలేదండి. కానీ అందరూ ఒక్కటే అడిగారు, ఆ అమ్మాయి ఏమందని" అని చెప్పింది.

నేను జావ గొట్టం కడుగుతున్నాను. కడిగిందే మళ్ళీ కడిగాను.


లాగ్ 6. ఇరవై నాలుగో వారం.

మాణిక్యాంబ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తానన్నాను. పచ్చి రొయ్యలు ఒలుస్తోంది, చెయ్యి ఆపలేదు.

"ఇరవై ఆరో వారం దాటితే చట్టం బిడ్డ పక్షమే కదా. అప్పుడిక ఎవరి మాటా అక్కర్లేదు. పదిహేను రోజులు నోరు మూసుకోలేవా?"

"అడగలేదని తేలితే మాట లేనట్టే కదా. మాట లేకపోతే చట్టంలో మొగుడిది కాదు, కన్నతల్లి చెప్పిందే చెల్లుతుంది. అప్పాయమ్మకి ఆ హక్కు ఉంది."

"ఉంటే? వదిలెయ్యమంటుంది. వదిలేస్తారు. కడుపులో పిల్ల కూడా పోతుంది. నిజం చెప్పానని చంకలు గుద్దుకుంటావా అప్పుడు? యోసేబు మొహం చూడగలవా?"

మాణిక్యాంబ మాటలో తప్పేం లేదు, అదే నా బాధ. చెప్తే పిల్ల పోవచ్చు. చెప్పకపోతే, వద్దన్న మనిషిని బలవంతంగా మంచానికి కట్టేసినదాన్ని నేనే కావచ్చు. ఏది నిజమో తేల్చగలిగిన మనిషిని అడగాల్సిన రోజున అడగలేదు.

"నువ్వు ఒక్కదానివే మునగవు, మమ్మల్నందర్నీ ముంచుతావు" అంది మాణిక్యాంబ. నా కోసం రొయ్యలు ఒక గిన్నెలో వేసి ఇచ్చింది. తీసుకున్నాను కూడా. సిగ్గు లేదు నాకు.


లాగ్ 7. ఇరవై అయిదో వారం, మొదటి రోజు.

రాయకుండా దాటేద్దామనుకున్నది ఇంకొకటి ఉంది.

అడగకపోవడం అందరూ చేసిన తప్పు. దాన్ని ఆచారం మీదికి నెట్టెయ్యొచ్చు. కానీ ఆ రోజు నూకరత్నం తనే అడిగింది. చేతులనిండా ఆకుపచ్చ గాజులతో నా వైపు వంగి, "అత్తా, ఆ అసలు ప్రశ్న అడగవేంటి? నేను బాగా ఆలోచించుకునే కూచున్నాను. నీకొకటి చెప్పాలి" అంది.

నేను "ఛ, ఇయ్యాళ ఆ మాటలేంటే పిచ్చిదానా, నోరు తీపి చేసుకో" అని పళ్ళెంలో చలిమిడి ముద్ద తీసి దాని నోట్లో పెట్టేశాను. పేరంటాళ్ళందరూ నవ్వారు. అదీ నవ్వింది. నోట్లో ముద్ద ఉండగానే బిడ్డ క్షేమం గురించి అడిగాను, అవునత్తా అంది. పెట్టె మూసేశాను. తర్వాతి పంటుకి వెళ్ళే పడవ కదిలిపోతుందని నా తొందర నాది.

ఆలోచించుకునే కూచుందట. నేనే ఆ నోరు మూశాను.


లాగ్ 8. ఇరవై అయిదో వారం, మూడో రోజు.

చెప్పేశాను. జడ్జిగారు వేరే కేసుకి వచ్చి ఉంటే బడి పంటుకి వెళ్ళి, నన్ను మళ్ళీ విచారించమన్నాను. అప్పాయమ్మకీ యోసేబుకీ కబురు పంపారు. వాళ్ళిద్దరి ముందే మొత్తం చెప్పాను. పెట్టె సంగతి, మూడొందల పన్నెండు మాటల సంగతి, చలిమిడి సంగతి.

యోసేబు బెంచీ తోసుకుని లేచాడు. "ఏంటండీ మీరనేది? ఇన్నాళ్ళూ నా చేత దణ్ణాలు పెట్టించుకుని ఇప్పుడా చెప్పడం? నా బిడ్డనేం చేద్దామని?" ఇద్దరు పట్టుకోకపోతే నన్ను నీళ్ళలోకి తోసేవాడే. తోసినా నాకు కోపం వచ్చేది కాదు.

అప్పాయమ్మ కదల్లేదు. "చెప్పబోయిందా?" అంది. అంతే.

జడ్జిగారు మాట కొట్టేశారు. నిర్ణయం కన్నతల్లిదన్నారు, ఇరవై ఆరో వారం లోపు చెప్పాలన్నారు. నా మీదా మాణిక్యాంబ మీదా మిగతా ఇద్దరి మీదా విచారణ వేశారు.


లాగ్ 9. ఇరవై అయిదో వారం, ఆరో రోజు.

పొద్దున సోలారు పలకల మీద ఉప్పు తుడుస్తుంటే అప్పాయమ్మ వచ్చింది. వదినా అనలేదు.

"వరహాలూ, ఒక్కటి చెప్పు. నువ్వు దాని నోట్లో పెట్టినప్పుడు మొహం ఎలా ఉంది? దిగులుగా ఉందా, సంతోషంగా ఉందా?"

"నేను చూళ్ళేదు అప్పాయమ్మా. పడవ వంక చూత్తన్నాను."

"పోనీ గొంతు? భయంగా ఉందా?"

"తెలీలేదు."

"ఏదో ఒకటి చెప్పవే!" నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఉంచమనబోయిందని చెప్పు, వద్దనబోయిందని చెప్పు, ఏది చెప్పినా నమ్ముతాను. ఒట్టు, మళ్ళీ అడగను. ఇన్నాళ్ళూ అబద్ధం ఆడావుగా, ఇంకొక్కటి ఆడలేవా?"

ఆడాలనిపించింది. దేవుడి సాక్షిగా, ఆడాలనే అనిపించింది. ఉంచమంది అంటే పిల్ల బతుకుతుంది, ఈవిడ మనసు కుదుటపడుతుంది, యోసేబు నన్ను క్షమిస్తాడు. నోటిదాకా వచ్చింది.

"నాకు తెలీదు" అన్నాను.

అప్పాయమ్మ పలకల మధ్య కూలబడి ఏడ్చింది. కూతురు పడిపోయిన దగ్గర్నుంచి ఆవిడ ఇలా ఏడవడం నేను చూడలేదు. నేను పక్కన కూర్చోలేదు. ఆ హక్కు నాకు లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రి పంటులో జడ్జిగారు పెట్టె నా ముందు పెట్టారు. మాటలు రాసేవాళ్ళందరి మీదా విచారణ ఉంది, రాయడానికి ఇంకెవరూ లేరు. "చివరిసారి మీరే రాయండి. ప్రశ్న మొత్తం మీ నోటితో చదవండి" అన్నారు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి చదివాను. 'మరణించిన' అన్న మాట దగ్గర నా గొంతు పెట్టె గొంతులా గట్టిగా రాలేదు. చదివి ఊరుకున్నాను. ఏమీ అందించలేదు, తొందరపెట్టలేదు. మంచం ఊపిరి వినిపిస్తోంది. యోసేబు గుమ్మంలో మోకాళ్ళ మీద ఉన్నాడు.

"వదిలెయ్యమని ఇన్నాళ్ళూ దాని తరఫున అన్నాను," అంది అప్పాయమ్మ చివరికి. "ఇప్పుడు నన్నడుగుతున్నారు. ఆ మాట అనడానికి నాకు నోరు రావట్లేదు." కూతురి కడుపు మీద చెయ్యి వేసింది. "ఉంచండి. అయితే నూకరత్నం ఉంచమందని రాయకండి. వాళ్ళమ్మ ఉంచమందని రాయండి. అది వద్దనుకుని ఉంటే, ఒట్టు తప్పిన పాపం నాది."

రాశాను. నిజం చెప్పి బరువు దించుకుందామనుకున్నాను. దించింది ఎవరి నెత్తిన పెట్టానో అప్పుడు అర్థమైంది.

పెట్టె మూస్తుంటే అప్పాయమ్మ నన్ను ఆపింది. "ఇది పుట్టి పెద్దయ్యాక, మా అమ్మ ఏమందని అడుగుద్ది. నేను చెప్పను. యోసేబు చేత చెప్పించను. నువ్వొచ్చి చెప్పాలి."

"వస్తాను" అన్నాను.


లాగ్ 10. ముప్పయ్యో వారం.

ఆడపిల్ల. పన్నెండొందల గ్రాములు. ఊపిరి తనే తీసుకుంటోంది. డాక్టర్ ఫర్జానా మంచం ఆపింది. నూకరత్నం గుండె పదకొండు నిమిషాలు కొట్టుకుని ఆగింది. అప్పాయమ్మ తన పద్ధతిలో తను, యోసేబు తన ప్రార్థన తను చేసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు.

నా ఉద్యోగం పోయింది. మా పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి, ప్రశ్న పూర్తిగా అడుగుతున్నారు. కొందరు అత్తగార్లు వాళ్ళని గుమ్మం ఎక్కనివ్వడం లేదట. అయినా ఇప్పటికి పదిహేడు మంది చెప్పారు. అందులో నలుగురు 'వదిలెయ్యండి' అన్నారు. నా మూడొందల పన్నెండులో అలాంటివాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళో ఇక లెక్క వెయ్యలేను.

ఇవాళ ఆస్పత్రిలో శిశువుల గది అద్దంలోంచి పిల్లని చూశాను. అప్పాయమ్మ నన్ను చూసింది, పొమ్మనలేదు, రమ్మనలేదు. వస్తూ డాక్టర్ ఫర్జానా గదిలోకి వెళ్ళి, రెండేళ్ళుగా వేసుకోమని పోరుతున్న గుండె మాత్రలు అడిగి తెచ్చుకున్నాను. నాకు యాభై ఎనిమిది. ఆ పిల్ల అడిగే వయసు వచ్చేదాకా నేను బతికుండాలి.